ఇచ్చినది తీసుకొన్నదానికి చెల్లు అవుతుందా?



మేము చాకవేలులో కాపురముండబట్టి నలభై ఏండ్లు కావస్తున్నది. బాగేపల్లి, చింతామణి సీమ సంగతి మీలో చాలామందికి తెలిసినదే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండూ కలిపిన మాట. 2007లో కోలారు జిల్లా రెండై మేము చిక్కబళ్లాపుర జిల్లావారమైనాము గాని, మా నాలుక మీది తెలుగు మారలేదు. టీచరు ట్రైనింగు ముగించుకొని ఇక్కడికి వచ్చి, రిటైరయ్యే వరకు పిల్లలకు అక్షరాలు దిద్దించి, ఇప్పుడు సంఘములో పెద్దగా ఉన్నాము. జీవితమంతా ఇతరులకు నేర్పిన మాకు ఈ వయస్సులో ఒక ప్రశ్న ఎదురైనది. దానికి మేము మొదట చెప్పిన జవాబు తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగినదో మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ప్రశ్న ఇది. ఒక బిడ్డను తల్లినుండి, ఇంటినుండి, ఇంటి మాటనుండి దూరము చేసి, అన్నము పెట్టి, బట్టలిచ్చి, చదువు చెప్పి పెద్దవాణ్ని చేసినారు. ఆ బిడ్డ పెద్దవాడై, తాను పోగొట్టుకొన్నదానిని వెదుక్కొంటూ పోతే అది కృతఘ్నత అవుతుందా? ఇచ్చిన మేలు తీసుకొన్నదానికి చెల్లు అవుతుందా?

మా సంఘములో డెబ్బై దాటిన సహోదరుడొకరున్నారు. ఎరుకల తల్లిదండ్రులకు పుట్టినవారు. వారి తల్లి బ్రిటిషు కాలములో సెటిల్‌మెంటులో పుట్టి పెరిగినది. ఆయనకు ఆరేండ్లు నిండగానే ఆ తల్లే చేయి పట్టుకొని తీసుకుపోయి దూరముననున్న ఒక హాస్టలులో విడిచిపెట్టినది. అక్కడ పేరు మార్చినారు. ఇంటి మాట మాట్లాడితే తోటి పిల్లలు నవ్వినారు, పెద్దలు వద్దన్నారు. రెండేండ్లకే ఆ మాట నోటినుండి పోయింది. చదువుకొన్నారు, ఉద్యోగము చేసినారు, పిల్లలను ప్రయోజకులను చేసినారు. సంఘములో ఆయన పేరు చెబితే మంచి సాక్ష్యమున్న మనిషి అంటారు.

ఇరవై ఏండ్ల క్రితము ఆ తల్లి కన్నుమూసినది. చివరి దినములలో ఆమెకు తెలుగు మాటలు ఒక్కొక్కటే జారిపోయి, చిన్ననాటి మాటలు మాత్రము మిగిలినవి. మంచము పక్కన కూర్చున్న కొడుకుకు ఆమె ఏమి అడుగుతున్నదో అర్థము కాలేదు. పదే పదే వచ్చిన మాటలను తెలుగు లిపిలో ఒక కాగితము మీద రాసుకొన్నారు. ఆ కాగితము ఏండ్ల తరబడి ఆయన బైబిలులోనే ఉన్నది.

రెండేండ్ల క్రితము ఆయన మావద్దకు వచ్చి, తల్లి జ్ఞాపకార్థ కూడికలో ఆమె భాషలో ఒక్క ప్రార్థన చేసుకొంటానని, తనకు తల్లి పెట్టిన మొదటి పేరు సంఘము ఎదుట ఒకసారి చదవాలని అడిగినారు. మేము ఏమన్నామో దాచకుండా చెబుతాము. “అన్నా, ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు? నీకు అన్నము పెట్టినదెవరు? చదువు చెప్పినదెవరు? ఇప్పుడు ఆ పాతవి తవ్వితే వారి మేలు మరచినట్టు కాదా?” అన్నాము.

ఆయన కోపగించుకోలేదు. “అయివారూ, అన్నం బెట్నారు, చదువు జెప్పినారు. కాదంటినా? నేను అడిగేది దాని సంగతి గాదు. మా యమ్మ మాట్లో ఒక్క ప్రార్థన చేస్తానంటాండా, అంతే,” అని లేచి వెళ్లిపోయినారు.

ఆ మాట మమ్మును విడువలేదు. మాకు ఆ మాట అంతగా తగలడానికి ఇంకొక కారణమున్నది. మా తాతగారు ఒక సెటిల్‌మెంటు బడిలో పంతులుగా పనిచేసినవారు. అడవి మనుషులకు అక్షరాలు నేర్పినారని మా ఇంట్లో గొప్పగా చెప్పుకొంటూ పెరిగినాము. ఆ ‘అడవి మనుషులు’ అన్న మాట ఎవరి తల్లిదండ్రులను గురించినదో ఆ దినమువరకు మాకు తట్టలేదు.

చరిత్ర కొంచెము జ్ఞాపకము చేసుకొందాము. ఎరుక చెప్పే స్త్రీలనుబట్టి మనము ఎరుకలవారన్నాము. తమలో తాము కుర్రు అని చెప్పుకొంటారు. వారి మాట తమిళానికి దగ్గరి చుట్టము. కర్ణాటకలో వారి సంబంధులను కొరమ, కొరచ అంటారు. ఆంధ్రలో షెడ్యూల్డు తెగ, సరిహద్దు దాటితే షెడ్యూల్డు కులము. వారిలో బుట్టలల్లే దబ్బ ఎరుకలున్నారు, కరివేపాకు ఎరుకలున్నారు, ఉప్పు ఎరుకలున్నారు. ఉప్పు ఎరుకలు గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రతీరపు ఉప్పును లోపలి ఊళ్లకు మోసి ధాన్యము మార్చుకొనేవారు. రైలు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి, ఆ వర్తకము దెబ్బతిన్నది. బ్రతుకుతెరువు పోయి తిరిగే మనిషిని సర్కారు అనుమానముతో చూసినది.

1871లో నేరస్థ తెగల చట్టము పుట్టినది. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికి కూడా వచ్చినది. పుట్టుకనుబట్టి మనిషిని నేరస్థుల పట్టికలో రాయడము, వేలిముద్రలు తీయడము, హాజరు పిలవడము, పాసు లేనిదే ఊరు దాటనీయకపోవడము ఆ చట్టము పని. పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి పాఠశాలలలో ఉంచే అధికారము కూడా అందులోనే ఉన్నది. ఆ సెటిల్‌మెంట్లను నడిపే బాధ్యతను ప్రభుత్వము చాలాచోట్ల క్రైస్తవ సంస్థలకు అప్పగించినది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురము 1913లో రక్షణ సైన్యము చేతి మీద ఏర్పడినది. నెల్లూరు జిల్లా కావలిలోని సెటిల్‌మెంటును నడిపినది ఎవరో కాదు, మన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను. మద్రాసు రాష్ట్రములో ఆ చట్టము 1947లో రద్దయినది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయినది. ఆ దినమును విముక్త జాతులవారు నేటికీ విముక్తి దినముగా పాటిస్తున్నారు.

1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్క దినములో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సంఘాలలో పిల్లలకు కూడా కంఠతా వచ్చును. కావలి సంగతి మాత్రము మేము ఏ సండే స్కూలులోనూ వినలేదు, పంతులుగా ఏ పిల్లకూ చెప్పలేదు. సంతోషము కలిగించే పుట చదివి, పక్క పుట తిప్పకుండా పుస్తకము మూసినాము.

ఇలా ఉండగా, కెనడాలో స్థిరపడిన మా బంధువుల అమ్మాయి తన ఆరేండ్ల పాప ఫొటో పంపినది. పాప నారింజ రంగు చొక్కా వేసుకొని బడికి పోతున్నది. ఏమమ్మా పండుగా అని అడిగితే, ఆ అమ్మాయి కథ చెప్పినది. 1973లో అక్కడి ఆదివాసి పిల్ల ఫిలిస్ వెబ్‌స్టాడ్ ఆరేండ్ల వయస్సులో, అవ్వ కొనిపెట్టిన కొత్త నారింజ రంగు చొక్కా తొడుక్కొని మిషను వసతి బడికి పోయినది. మొదటి దినమే ఆ చొక్కా విప్పించినారు, మళ్లీ ఇవ్వలేదు. ఆ జ్ఞాపకముగా 2013నుండి సెప్టెంబరు 30న పిల్లలు ఆ రంగు వేసుకొంటున్నారు. 2021నుండి ఆ దేశము దానిని జాతీయ దినముగా పాటిస్తున్నది.

అటు తరువాత మేము ఆ దేశపు సంగతులు వెదికి చదివినాము. పెద్ద సరస్సుల చుట్టూ కాపురముండే ఒజిబ్వే జాతివారితో సహా అనేక ఆదివాసి జాతుల పిల్లలు సుమారు 1,50,000 మందిని అలాంటి వసతి బడులలో పెట్టినారు. ఎక్కువ బడులను నడిపినది సంఘాలే. చివరి బడి మూతబడినది 1990లలో. పిల్లల జుట్టు కత్తిరించినారు, పేర్లు మార్చినారు, తల్లి మాట ఆడితే శిక్షించినారు. 1966 అక్టోబరులో చానీ వెంజాక్ అనే పన్నెండేండ్ల ఒజిబ్వే బాలుడు కెనోరా దగ్గరి బడినుండి తప్పించుకొని, తండ్రి దగ్గరకు పోవాలని రైలు పట్టాల వెంట నడిచినాడు. ఇల్లు 600 కిలోమీటర్ల దూరము. చలికి పట్టాల పక్కనే చనిపోయినాడు. జేబులో చిన్న గాజు సీసా, అందులో కొన్ని అగ్గిపుల్లలు దొరికినవి. ఆ బడిని నడిపినది ప్రెస్బిటేరియన్ సంఘము. ఆ సంఘము 1994లో తన పాపమును ఒప్పుకొన్నది. యునైటెడ్ సంఘము 1986లోను, ఆంగ్లికన్ సంఘము 1993లోను ఆ మాట చెప్పినవి. దేశ ప్రధాని 2008 జూన్ 11న పార్లమెంటులో క్షమాపణ కోరినాడు.

రిచర్డ్ వాగమీస్ అనే ఒజిబ్వే రచయిత జీవితము మాకు మరింత బోధపరచినది. ఆయన 1955లో పుట్టినాడు. తల్లిదండ్రులు వసతి బడులలో నలిగినవారు. పసితనములోనే ఆయనను ఇంటినుండి వేరుచేసి పరాయి ఇండ్లలో పెంచినారు. తనవారిని తిరిగి చూచేసరికి ఇరవై దాటినవి. తన జాతి పెద్దల దగ్గర కూర్చొని కథలు విని, పేరు, మాట, వరుసలు ఒక్కొక్కటే నేర్చుకొన్నాడు. అది ఒక్క దినములో తీరిన పని కాదు. 2017లో చనిపోయేవరకు పుస్తకాలలో ఆ గాయము సంగతే రాసుకొంటూ వచ్చినాడు.

ఇది చదివినప్పుడు మా సహోదరుని తల్లి మా కండ్లముందు మెదిలినది. ఆరేండ్ల కొడుకును హాస్టలులో విడిచినందుకు ఆమె కఠినురాలని ఒకప్పుడు మేము అనుకొన్నాము. సెటిల్‌మెంటులో పెరిగినదానికి పిల్లలను పెంచేది తల్లి అని ఎవరు చూపించినారు? పిల్లలంటే హాజరు పిలిచే చోట పెరుగవలసినవారే అని ఆమె ఎరిగినది. తల్లినుండి బిడ్డను ఒక్కసారి తీస్తే, ఆ ఖాళీ మనుమల వరకు నడుస్తుంది.

ఇక ప్రశ్నకు వద్దాము. మేలు జరుగలేదా? జరిగినది. ఆకలితో, పోలీసు లాఠీతో బ్రతికే కుటుంబాలలో పిల్లలకు పలక దొరికినది, మందు దొరికినది. వారిలో పంతుళ్లైనవారున్నారు, నర్సులైనవారున్నారు. అక్కడ పనిచేసినవారు చాలామంది మంచి మనస్సుతోనే పనిచేసి ఉండవచ్చును. మా తాతగారిని మేము నేటికీ ప్రేమిస్తున్నాము. “ఆ బడి లేకుంటే అతడు ఏమయ్యేవాడు?” అని మీలో కొందరు అడుగుతారు. మేము కూడా అడిగినాము.

అయితే అంగట్లో పద్దు రాసే మనిషిని అడిగి చూడండి. ఒకనికి రెండు మూటల రాగులు ఇచ్చినాము. వాని ఆవును తోలుకొని వచ్చినాము. రాగులు ఇచ్చినాము గనుక ఆవు సంగతి ఎత్తవద్దు అనగలమా? అడగకుండా తోలుకొచ్చిన ఆవు అది. రాగులకు వాడు దండము పెట్టవచ్చును. ఆవును అడిగే హక్కు దానితో పోదు. ఇవి రెండు వేరు పద్దులు.

జక్కయ్య సంగతి మనమందరము ఎన్నోసార్లు ప్రసంగములో విన్నదే. తన ఆస్తిలో సగము బీదలకిస్తానన్నాడు. అంతటితో ఊరుకొని ఉంటే ఊరంతా మెచ్చుకొని ఉండును. కాని ఎవరివద్ద అన్యాయముగా తీసుకొన్నాడో వారికి నాలుగంతలు తిరిగి ఇస్తానని వేరుగా చెప్పినాడు. దానము ఒక పద్దు, తిరిగి ఇవ్వడము ఒక పద్దు. మొదటిదానితో రెండవదానిని అతడు కొట్టివేయలేదు. ఇన్నేండ్లు ఆ కథను పిల్లలకు చెప్పిన మాకు ఆ రెండు పద్దులు ఇప్పుడే కనబడినవి.

మనము బాప్టిస్టులము. పసిబిడ్డలకు బాప్తిస్మము ఇవ్వము. విశ్వాసము ఎవరికి వారు తమ నోట ఒప్పుకోవలసినదని, తల్లిదండ్రులు గాని సర్కారు గాని దానిని మీద రుద్దకూడదని మన పూర్వికులు ఐరోపాలో చెరసాలలకు పోయినారు. అట్టి మనము, పాసు లేనిదే గడప దాటలేని మనుషుల మధ్య, సర్కారు తాళపుచెవులు చేతబట్టుకొని సువార్త చెప్పినాము. ఎవరు మనసారా విన్నారో, ఎవరు వేరే దారి లేక విన్నారో దేవునికే తెలియవలెను. ఇది పరాయివారు మనమీద మోపిన నేరము కాదు. మన సిద్ధాంతమే మనలను అడుగుతున్న ప్రశ్న.

సంఘములో మరియొక అభ్యంతరము వచ్చినది. భాష తిరిగి వస్తే పాత ఆచారాలు, ఎరుక చెప్పడము కూడా వెనుక వస్తాయేమో అన్నారు. తెలుగులో మంత్రాలున్నవి గనుక తెలుగు వద్దని మనము అనలేదు గదా. పెంతెకొస్తు దినమున కూడినవారు ఎవరి భాషలో వారు విన్నారు. ఆ దినపు పట్టికలో కుర్రు భాష లేదని మనము తలుపు వేయవచ్చునా? దానియేలుకు బబులోనులో వేరే పేరు పెట్టినారు, కల్దీయుల విద్య నేర్పినారు. అతడు ఆ విద్యలో ముందున్నాడు, రాజు కొలువులో నమ్మకముగా పనిచేసినాడు. అయినా మనము నేటికీ అతనిని పిలిచేది యూదుల ఇంట పెట్టిన పేరుతోనే.

మనము వలస వచ్చినవారము. బెంగుళూరులోను, బొంబాయిలోను, ఇంకా దూరదేశాలలోను మనుమలు తెలుగు చదువలేకపోతున్నారని మన కూడికలలో ఎంత బాధపడుతున్నాము! ఇష్టపూర్వకముగా వచ్చిన మనకే ఇంత కడుపుకోత ఉంటే, ఇష్టము లేకుండా తీయబడినవారికి ఎంత ఉండవలెను?

ఇక్కడ మా సొంత తప్పు ఒకటి చెప్పుకోవలెను. ఉద్యోగములో చేరిన కొత్తలో బుట్టలల్లే కొరమవారి పిల్లవాడొకడు మా తరగతిలో చేరినాడు. వాని పేరు మాకు నోరు తిరుగలేదు. “ఇదేమి పేరురా” అని రిజిస్టరులో మాకు నచ్చిన పేరు రాసినాము. తండ్రి చేతులు కట్టుకొని నిలబడి సరే సామీ అన్నాడు. ఆ పేరే నేటికీ వాని రేషను కార్డులో ఉన్నది. తరగతిలో తమ్మునితో ఇంటి మాట మాట్లాడితే బెంచీ ఎక్కించినాము. అదంతా వాని మేలుకే అని మనస్ఫూర్తిగా నమ్మినాము. మేలు అని నమ్మి చేసినందువలన వాడు పోగొట్టుకొన్నది తగ్గిందా? మొన్న సంతలో కనబడితే ఆ సంగతి ఎత్తి, తప్పు చేసినామని చెప్పినాము. వాడు, ఇప్పుడు యాభై దాటిన మనిషి, కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత “మా నాయన పెట్టిన పేరు మీకు ఇంకా గెవనముందా అయివారూ?” అన్నాడు. ఉన్నదని ఆ పేరు చెప్పినాము. అంతకుమించి వాడు ఏమీ అడుగలేదు.

మా సహోదరుని కాగితము సంగతి కూడా చెప్పి ముగిస్తాము. చేటలు అమ్మడానికి వచ్చిన ఒక ముసలమ్మకు ఆయన ఆ కాగితములోని మాటలు చదివి వినిపించినారు. ఉచ్చారణ తప్పినా ఆమెకు అర్థమైనది. “పొద్దు పాయ, పిల్లోడు ఇంటికి వచ్చినాడా అని అడుగుతాండాదప్పా” అన్నది. ఆ దినమునుండి ఆయన ఆ అమ్మవద్ద, ఆమె మనుమలవద్ద వారానికొకసారి కూర్చొని మాట నేర్చుకొన్నారు. దానితోపాటు ఈత మట్టలు చీల్చడము కూడా నేర్చుకొన్నారు. వ్రేళ్లు కోసుకొన్నా మానలేదు.

మేము ఆయన ఇంటికి పోయి, మేము అన్న మాట తప్పని చెప్పి, కూడిక జరుపుకొందామని అడిగినాము. ఆ దినము మొదట తల్లి పెట్టిన పేరు చదివినారు. తరువాత ఆమె భాషలో ప్రార్థించినారు. మొత్తము ఆరేడు వాక్యాలు. మధ్యలో ఒక మాట తప్పితే వెనుక కూర్చున్న ఆ ముసలమ్మ గట్టిగా సరిదిద్దినది. పిల్లలు నవ్వినారు, ఆయన కూడా నవ్వి, సరిగా పలికి ముందుకు సాగినారు. చివర, తనకు చదువు చెప్పిన హాస్టలువారి కొరకు తెలుగులో ప్రార్థించినారు. ఆయన ఏ మేలూ మరువలేదు. మరచిపొమ్మని అడిగినది మేమే.

కనుక మా మనవి ఇది. హాస్టళ్లలో, సెటిల్‌మెంట్లలో పెరిగిన కుటుంబాలు మన సంఘాలలో ఉన్నవి. వారిని కృతజ్ఞత అడుగకండి, అది వారంతట వారు ఇవ్వవలసినది. వారి తల్లిదండ్రుల అసలు పేర్లు, ఊళ్లు అడిగి, చెప్పడానికి వారికి ఇష్టమైతే సంఘపు పుస్తకములో రాయండి. మీరు పంతుళ్లైతే, బిడ్డ ఇంటి పేరును, ఇంటి మాటను తరగతి గడప బయట విడిచి రమ్మనకండి. కావలి సంగతి మన పిల్లలకు మన నోటనే తెలియనివ్వండి. ముసలివారు పోకమునుపే ఈ పని జరుగును గాక.